చేయి తిరిగితేనే వీఐ

కాకినాడ జేఎన్టీయూ సిలబస్‌తో నడిచే కాలేజీల్లో లినక్స్ ల్యాబ్ రికార్డు ఏదైనా తెరవండి. తొలి పేజీల్లోనే యునిక్స్ కమాండ్ల పట్టిక ఉంటుంది, దాని వెనకే 'వీఐ ఎడిటర్ అధ్యయనం' అనే శీర్షిక. కింద రెండు గళ్ళు: ఎడమవైపు మీట పేరు, కుడివైపు అది చేసే పని. సీనియర్ రికార్డులోంచి జూనియర్ రికార్డులోకి ఆ పట్టిక ఏళ్ళ తరబడి నకలవుతూనే ఉంటుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ వేసే ప్రశ్న కూడా దాదాపు ఖాయమే. ఫైలు సేవ్ చేసి బయటికి రావడం ఎలా? 'ఎస్కేప్, కోలన్, డబ్ల్యూ, క్యూ' అని జవాబు ఠక్కున వస్తుంది. అదే కుర్రాడో అమ్మాయో ఉద్యోగంలో చేరి సర్వర్ మీద ఫైలు తెరిచాక, అలవాటు కొద్దీ టైపు చెయ్యడం మొదలుపెడితే అక్షరాలు పడవు. కర్సర్ ఎటో గెంతుతుంది, ఒక లైను మాయమవుతుంది, కంప్యూటర్ కీచుమంటుంది. నోటికి వచ్చింది చేతికి రాలేదన్నమాట.

వీఐ పుట్టి ఇంచుమించు యాభై ఏళ్ళు. దాని కమాండ్లు నేర్చుకోవడం మీద సాగుతున్న వాదం వయసూ అంతే. అసలు నేర్చుకోవాలా, నేర్చుకుంటే ఏ వరసలో, ఎవరికి ఎంత అవసరం అన్న ప్రశ్నలకు వచ్చిన జవాబులను గోదావరి జిల్లాల ల్యాబుల వైపు నుంచి చూస్తే కొన్ని సంగతులు తేటపడతాయి.

ముందు ఎరగనివారికి రెండు మాటలు. మామూలు ఎడిటర్‌లో 'డి' నొక్కితే 'డి' అచ్చవుతుంది. వీఐలో ఫైలు తెరవగానే ఉండేది నార్మల్ మోడ్. అక్కడ 'డి' అంటే చెరుపు, 'వై' అంటే నకలు తీసుకో, 'యు' అంటే చేసిన పని వెనక్కి తీసుకో. రాయాలంటే 'ఐ' నొక్కి ఇన్సర్ట్ మోడ్‌లోకి వెళ్ళాలి, రాశాక ఎస్కేప్ కొట్టి తిరిగి రావాలి. ఒకే మీటకు రెండు ఉద్యోగాలు. గొడవంతా ఇక్కడే ఉంది.

ఇలా ఎందుకు కట్టారో చెప్పకుండా కమాండ్లు నేర్పితే అది పిచ్చివాడి పనిలా కనిపిస్తుంది. 1976లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే విద్యార్థి దీన్ని రాశాడు. అప్పటికి యునిక్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన 'ఎడ్' ఉంది. అది ఫైలును తెర మీద చూపించదు, లైను నంబరు చెప్పి మార్చుకోవాలి. లండన్ క్వీన్ మేరీ కాలేజీలో జార్జ్ కూలూరిస్ దాన్ని కాస్త మనుషులు వాడేలా మలిచి 'ఎమ్' అన్నాడు. జాయ్ ఆ దారిలో 'ఎక్స్' అనే ఎడిటర్ చేశాడు. అందులో ఫైలును తెరనిండా చూపే రూపమే వీఐ. ఇంట్లో అతని దగ్గరున్నది 300 బాడ్ మోడెమ్, అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. 24 లైన్లు, లైనుకు 80 అక్షరాల తెర నిండాలంటే 1,920 అక్షరాలు రావాలి. నిమిషం దాటిపోతుంది. అలాంటి చోట ప్రతి మార్పుకూ తెర మొత్తం తిరిగి గీయించడం కుదిరే పని కాదు. తక్కువ నొక్కుళ్ళతో ఎక్కువ చెప్పే భాష కావాలి.

అతను వాడిన లియర్ సీగ్లర్ వారి ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌కు విడిగా బాణం మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాలు అచ్చువేశారు. ఎడమ, కింద, పైన, కుడి. ఇవాళ మన కీబోర్డు మీద ట్యాబ్ ఉన్నచోట దానికి ఎస్కేప్ ఉండేది, చిటికెన వేలు చాపితే అందేది. ఆ టెర్మినల్ పోయింది, అలవాట్లు మిగిలాయి. ఎస్కేప్ మాత్రం ఎక్కడో పై మూలకు వెళ్ళిపోయింది. కొత్తవాళ్ళు పడే తిప్పల్లో సగం దీనివల్లే. కంట్రోల్ పట్టుకుని ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కినా ఎస్కేపే వెళుతుంది. ఇది ఏ మెషీన్ మీదైనా పనిచేస్తుంది, ఏ సెట్టింగూ అక్కర్లేదు. రికార్డు పట్టికల్లో మాత్రం దీనికి చోటు దొరకదు. క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకోవడం, 'జె'ను వెంటవెంటనే రెండుసార్లు కొడితే ఎస్కేప్ అయ్యేలా పెట్టుకోవడం చాలామంది చెప్పే చిట్కాలు. మొదటి నెలలో వీటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. సొంత లాప్‌టాప్‌లో అలవాటైన చేయి, ఆ సెట్టింగులు లేని సర్వర్ దగ్గర మళ్ళీ మొదటికొస్తుంది.

ఇవాళ ల్యాబుల్లో వీఐ అని పిలిచేది చాలాచోట్ల విమ్. డచ్చి ప్రోగ్రామర్ బ్రామ్ మూలెనార్ 1988లో అమిగా కంప్యూటర్ కోసం మొదలుపెట్టి 1991లో విడుదల చేశాడు. డబ్బు అడగలేదు, వీలైతే ఉగాండాలోని కిబాలే పిల్లల కోసం ఇవ్వమన్నాడు. విమ్ ఖాళీగా తెరిస్తే ఆ మాట ఇప్పటికీ తెర మీద కనిపిస్తుంది. 2023 ఆగస్టు 3న ఆయన పోయాక మిగతావాళ్ళు నడుపుతున్నారు. 2014లో దీని నుంచి చీలిన నియోవిమ్ ఇంకో దారి.

ఇక మోడ్ల మీద అభ్యంతరాలు. వీటిని తేలిగ్గా తీసిపారేసే వీఐ అభిమానులతో నాకు పడదు, ఎందుకంటే అన్నవాళ్ళు ఆషామాషీ మనుషులు కారు. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1970లలో బ్రావో అనే ఎడిటర్ ఉండేది. అందులో కమాండ్ మోడ్‌లో ఉన్న సంగతి మరిచి ఎవరైనా 'ఎడిట్' అన్న ఇంగ్లీషు మాట టైపు చేస్తే ఏమయ్యేదో కంప్యూటర్ చరిత్రకారులు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. మొదటి అక్షరంతో ఫైలంతా ఎంపికయ్యేది, రెండోదానితో చెరిగిపోయేది, మూడోది ఇన్సర్ట్, చివరికి మిగిలేది ఒక్క 'టి'. అక్కడే పనిచేసిన లారీ టెస్లర్, టిమ్ మాట్‌తో కలిసి పాఠ్యపుస్తకాల ప్రచురణకర్తల కోసం మోడ్లు లేని జిప్సీ ఎడిటర్ చేశాడు. నేడు లోకమంతా వాడే కట్, కాపీ, పేస్ట్ ఆ పనిలోంచి వచ్చినవే. మోడ్ల మీద అతని కసి ఎంతంటే కారు నంబరు ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అని పెట్టుకున్నాడు. మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ 1981లో యునిక్స్ కమాండ్ల తీరును దుయ్యబట్టాడు. 1983లో, మనిషి తాను ఏ మోడ్‌లో ఉన్నాడో తెలియక చేసే తప్పుల్ని ప్రత్యేకంగా ఒక రకంగా లెక్కకట్టి, యంత్రం తన స్థితిని కళ్ళకు కట్టాలని వాదించాడు.

నార్మన్ మాటలో న్యాయముంది. పాత వీఐ ఏ మోడ్‌లో ఉందో తనంతట తాను చెప్పేది కాదు. విమ్ అడుగున 'ఇన్సర్ట్' అని చూపిస్తుంది. కాని మన ల్యాబుల్లో ఇంకో మెలిక ఉంది. ఉబుంటు వేసి వదిలేసిన మెషీన్లలో చాలాసార్లు ఉండేది విమ్ పూర్తి రూపం కాదు, 'విమ్ టైనీ' అనే కుదించిన రూపం. పాత వీఐలా ప్రవర్తించే ఆ రూపంలో, ఇన్సర్ట్ మోడ్‌లో బాణం మీట నొక్కితే కర్సర్ కదలకపోగా ఏ, బి, సి, డి అక్షరాలు పడతాయి. కీబోర్డు పాడైందనుకుని పక్క సిస్టమ్‌కు మారే విద్యార్థులు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. విమ్ పూర్తి ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్క కమాండు చాలు. ల్యాబ్ ఇన్‌చార్జి అది చేసిపెట్టకుండా విద్యార్థికి వీఐ అంటే భయమని చెప్పడం అన్యాయం.

వేగం సంగతి మరింత ఆసక్తికరం. మౌస్ ముట్టకపోతే పని త్వరగా అవుతుందని వీఐ పక్షం వారు అంటారు. ఆపిల్‌లో పనిచేసిన బ్రూస్ టాగ్నజీనీ 1989లో దీన్ని కొట్టిపారేశాడు: కీబోర్డు వాడేవాడికి వేగంగా పోతున్నట్టు అనిపిస్తుందే తప్ప, ఏ మీట నొక్కాలా అని ఆలోచించే సమయం వాడి లెక్కలోకి రాదు. ఇద్దరిలో ఎవరిది నిజం? కార్డ్, మోరన్, న్యూయెల్ అనే ముగ్గురు పరిశోధకులు 1980లో వేసిన అంచనాలు ఇక్కడ పనికొస్తాయి. టైపింగ్ బాగా వచ్చినవాడికి ఒక మీట నొక్కడానికి 0.2 సెకన్లు, చేయి కీబోర్డు నుంచి మౌస్ మీదికి మారడానికి 0.4, తెర మీద చోటు చూపడానికి 1.1. మనసులో 'ఇప్పుడేం చేయాలి' అని సిద్ధపడటానికి 1.35. మౌస్‌తో ఒక చోటికి వెళ్ళి చేయి వెనక్కి తెచ్చుకుంటే క్లిక్కు కలపకుండానే 1.9 సెకన్లు. వీఐలో నాలుగు మీటల కమాండైతే 0.8 సెకన్లే. కాని దాన్ని గుర్తు తెచ్చుకోవాల్సి వస్తే 1.35 కలిసి 2.15 అవుతుంది, మౌస్ గెలుస్తుంది. ఆలోచించకుండా వేళ్ళే వెళ్ళిపోతే వీఐ గెలుస్తుంది. అంటే టాగ్నజీనీ చెప్పింది కొత్తవాడి విషయంలో నిజం, వీఐ అభిమాని చెప్పింది చేయి తిరిగినవాడి విషయంలో నిజం. ఈ ఇద్దరి మధ్య దూరాన్ని దాటించేది సాధన ఒక్కటే. రికార్డు పట్టిక ఎంత అందంగా రాసినా ఆ 1.35లో ఒక్క పిసరు కూడా తగ్గదు.

వాడుతూ పోతే అదే వస్తుందిలే అన్న మాటా నిలవదు. వర్డ్ వాడకంలో అనుభవమున్న 251 మందిని పరిశీలించి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే, ఏళ్ళ తరబడి వాడినా ఎక్కువమంది షార్ట్‌కట్ మీటల వైపు మళ్ళలేదు, బొమ్మల మీద క్లిక్ చేసుకుంటూనే ఉండిపోయారు. పని గడుస్తున్నప్పుడు కొత్త పద్ధతి కోసం ఎవరూ ఆగరు. ఆపి, కూర్చోబెట్టి, చేయించాలి.

ఈ కూర్చోబెట్టి చేయించే విద్య గోదావరి జిల్లాలకు కొత్తది కాదు. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏ ఊరి మెయిన్ రోడ్డు మీదైనా ఒకప్పుడు మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. రెమింగ్టన్, గోద్రెజ్, హాల్డా మిషన్ల వరస. అక్కడ ఎవరికీ మీటల పట్టిక రాయమని పుస్తకం ఇవ్వలేదు. 'ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె' అని మొదటి పాఠం పేజీలకు పేజీలు కొట్టించేవారు. కిందికి చూస్తే మాస్టారు కసిరేవారు. ఒక వరస వేళ్ళకు వచ్చాకే పై వరస. ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. పరీక్షలో మీట పేరు అడిగేవారు లేరు, ఇచ్చిన కాగితాన్ని ఇచ్చిన సమయంలో తప్పుల్లేకుండా కొట్టావా లేదా అన్నదే లెక్క. ఆ సర్టిఫికెట్‌తో తాలూకాఫీసుల్లో, కోర్టుల్లో గుమాస్తాలైనవాళ్ళు కొల్లలు. వాళ్ళలో ఎందరికో కీబోర్డు వరస చెప్పమంటే చెప్పలేరు, గాలిలో వేళ్ళు ఆడించి చూసుకుంటే తప్ప.

అదే ఊళ్ళో పది అడుగుల దూరంలో ఉన్న డీటీపీ షాపు ఇంకో సాక్ష్యం. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, గైడ్లు కొట్టే ఆపరేటర్లు అను ఫాంట్లతో ఆపిల్ లేఅవుటో మాడ్యులరో పట్టేసి, ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా కీబోర్డు మార్చి, మళ్ళీ తెలుగులోకి వచ్చేవారు. ఒకే మీటకు రెండు అర్థాలు, ఏ భాషలో ఉన్నామో గుర్తుంచుకోవడం: ఇది మోడ్లతో బతకడం కాకపోతే మరేమిటి? టెస్లర్ భయపడ్డ పనిని పదో తరగతి చదివిన ఆపరేటర్లు రోజుకు ఎనిమిది గంటలు చేశారు. తప్పులు పడలేదని కాదు. పడ్డ మరుక్షణం చేయి సర్దుకునేది.

అందుకే వీఐ పాఠానికి ముందు పాఠం టైపింగ్ అని నేను గట్టిగా అంటాను. ఇప్పటి విద్యార్థి బొటనవేళ్ళతో ఫోన్లో మెరుపులా కొడతాడు, కీబోర్డు మీద మాత్రం రెండు చూపుడు వేళ్ళతో వెతుక్కుంటాడు. వాడికి హెచ్, జె, కె, ఎల్ వల్ల ఒరిగేదేమీ లేదు. చేతులు మధ్య వరస మీద నిలిచేవాడికే అవి దగ్గర.

రెండో పాఠం వ్యాకరణం. వీఐ కమాండ్లు విడివిడి మంత్రాలు కావు, క్రియా కర్మా కలిసిన వాక్యాలు. 'డి' చెరుపు, 'సి' చెరిపి కొత్తది రాయి, 'వై' నకలు. 'డబ్ల్యూ' తర్వాతి మాట దాకా, డాలరు గుర్తు లైను చివరిదాకా, కుడి మీసం బ్రాకెట్ పేరా చివరిదాకా. 'డి డబ్ల్యూ' అంటే మాట చెరుగుతుంది, 'సి' డాలరు అంటే ఇక్కణ్ణుంచి లైను చివరిదాకా పోయి రాయడానికి చోటు వస్తుంది. ముందు 3 చేర్చితే మూడింతలు. మూడు క్రియలు, పది గమ్యాలు తెలిస్తే ముప్పై పనులు చేతిలో ఉన్నట్టే, బట్టీ పట్టాల్సింది పదమూడే. విమ్ చేర్చినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'సి ఐ' తర్వాత కొటేషన్ గుర్తు. సి ప్రోగ్రాములో ప్రింట్‌ఎఫ్ లైను మీద కర్సర్ కొటేషన్ల లోపలున్నా, వాటికి ముందున్నా సరే కొటేషన్ల మధ్య ఉన్నదంతా తీసేసి అక్కడే రాయమంటుంది. ఇక చుక్క మీట: ఇంతకుముందు చేసిన మార్పును మళ్ళీ చెయ్యి. ఒక్క చుక్కను అర్థం చేసుకున్నవాడు మార్పుల్ని తిరిగి చేయదగ్గ ముక్కలుగా ఆలోచించడం మొదలుపెడతాడు. రికార్డు పట్టికలో దానికి 'రిపీట్' అని ఒక్క మాట ఉంటుంది, అంతే.

నేర్పే సాధనాలకు కరువు లేదు. మన సిలబస్‌లలో తరచూ కనిపించే సుమితాభ దాస్ యునిక్స్ పుస్తకం వీఐకి తగినంత చోటిస్తుంది, క్రియకు గమ్యాన్ని జోడించే పద్ధతి అందులో ఉంది. పరీక్షకు చదివేవాళ్ళు ఆ పేజీలు దాటేసి పట్టికకే వెళ్ళిపోతారు. విమ్‌తో పాటే వచ్చే విమ్‌ట్యూటర్ అన్నిటికంటే మేలైన మొదటి మెట్టు. అది ఒక మామూలు ఫైలు, అందులోని తప్పుల్ని దిద్దుతూ అరగంటలో పాఠం పూర్తవుతుంది. కాకపోతే ఒకసారి చేసి వదిలేస్తే వారంలో ఆవిరైపోతుంది. వారం పాటు రోజూ చేయించాలి. ఆటలా నేర్పే విమ్ అడ్వెంచర్స్ కర్సర్ కదలికలకు బాగుంటుంది, దిద్దుబాటుకు అంతగా కాదు. తక్కువ మీటలతో పని ముగించే పోటీ విమ్‌గోల్ఫ్ ముదిరినవాళ్ళ సరదా. డ్రూ నీల్ రాసిన 'ప్రాక్టికల్ విమ్' మంచి పుస్తకమే, ఆరు నెలలు వాడాక చదివితే. స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాలు కాలేజీల్లో నడిపిన లినక్స్ యూజర్ గ్రూపులు ఇంకో రకం బడి. పక్కన కూర్చున్నవాడి వేళ్ళు చూసి నేర్చుకున్నంత వేగంగా ఏ పుస్తకం నేర్పదు. సొంత కంప్యూటర్ లేని పిల్లలు ఫోన్లో టెర్మక్స్ వేసుకుని విమ్ తెరుస్తారు. ఎస్కేప్, కంట్రోల్ మీటల వరసను టెర్మక్స్ ఫోన్ కీబోర్డుకు పైన చూపిస్తుంది కనుక పని జరుగుతుంది. కమాండ్ల అర్థం తెలుసుకోవడానికి అది చాలు, చేయి తిరగడానికి చాలదు.

తెలుగు వాళ్ళకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది, ఇంగ్లీషు పుస్తకాలేవీ దాని ఊసెత్తవు. సిస్టమ్‌లో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు పెట్టుకుని విమ్‌లో తెలుగు రాస్తున్నామనుకోండి. ఎస్కేప్ కొట్టి నార్మల్ మోడ్‌లోకి వచ్చాం. కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉంది. హెచ్, జె, కె, ఎల్ నొక్కితే విమ్‌కు చేరేవి ప, ర, క, త. 'డి' నొక్కితే పొల్లు గుర్తు. పోనీ బయటికి వచ్చేద్దామంటే కోలన్ కూడా రాదు, ఆ మీట షిఫ్ట్‌తో నొక్కితే 'ఛ' వస్తుంది. బయటికి వచ్చే దారే మూసుకుపోయింది. దీనికి మందు సిస్టమ్ కీబోర్డును ఇంగ్లీషులోనే ఉంచి, తెలుగును ఎడిటర్ లోపల పెట్టుకోవడం. విమ్‌లో 'కీమ్యాప్' అనే ఏర్పాటు అందుకే ఉంది. దానికి తెలుగు మీటల పట్టిక ఇస్తే ఇన్సర్ట్ మోడ్‌లో మాత్రమే తెలుగు వస్తుంది, ఎస్కేప్ కొట్టగానే మీటలు తమంతట తామే కమాండ్లయిపోతాయి. ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్ పట్టి 6 నొక్కితే రెండు భాషల మధ్య మారవచ్చు. వీఐకి పాత ప్రత్యర్థి ఈమాక్స్ ఈ విషయంలో ముందుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతీ దానితో పాటే వస్తాయి.

అంతా చేసినా టెర్మినల్ దగ్గర తగులుకుంటుంది. టెర్మినల్ తెర గళ్ళ కాగితం లాంటిది, గడికి ఒక అక్షరం అన్న లెక్క మీద పుట్టింది. మన వత్తులు, గుణింతాలు ఆ గళ్ళలో ఇమడవు. చాలా టెర్మినళ్ళలో వత్తు పక్కకు జారుతుంది, కర్సర్ ఒకచోట కనిపించి మార్పు ఇంకోచోట పడుతుంది. 'ఎక్స్' నొక్కితే గుణింతంతో సహా అక్షరం పోతుంది గాని, 'క్ష' లాంటి చోట పొల్లుతో ఉన్న 'క్' ఒకటి, 'ష' ఒకటిగా విమ్ లెక్కపెట్టడం చూసి కొత్తవాళ్ళు బిత్తరపోతారు. నిర్మొహమాటంగా చెప్పాలంటే, తెలుగులో కథో వ్యాసమో రాసేవాళ్ళు టెర్మినల్లో రాయకండి. ప్రోగ్రాముల్లో అక్కడక్కడా తెలుగు మాటలుంటే దిద్దుకోవడానికి మాత్రం ఇది సరిపోతుంది.

వీఎస్ కోడ్ ఉండగా, కోడ్ రాసిపెట్టే ఏఐ ఉండగా ఇదంతా ఎందుకన్నది ఇప్పటి ప్రశ్న. ఫెడోరా లినక్స్ 2020లో వచ్చిన 33వ విడుదల నుంచి మామూలు ఎడిటర్‌గా నానోను పెట్టుకుంది, కొత్తవాళ్ళు వీఐలో ఇరుక్కుపోతున్నారని. ఆ ఇరుక్కోవడం ఎంత మామూలంటే, విమ్ నుంచి బయటికి రావడం ఎలా అన్న ఒక్క ప్రశ్నను చూసినవారి సంఖ్య స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2017 నాటికే 10 లక్షలు దాటింది. ఫెడోరా చేసింది సబబే. తెరవని తలుపులోకి ఎవరినీ తోయకూడదు. అయినా సర్వర్ల మీద వీఐ దాదాపు ఎక్కడైనా ఉంటుంది, యునిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పాజిక్స్‌లో అదొక భాగం. ఏ ఎడిటర్ కావాలో చెప్పకపోతే గిట్ చివరికి వీఐనే తెరుస్తుంది, కుబర్నెటీస్‌లో ఎడిట్ కమాండూ లినక్స్ మీద అంతే. భీమవరంలో ఇంట్లో కూర్చుని ఎక్కడో అమెరికా క్లౌడ్‌లోని మెషీన్ మీద అర్ధరాత్రి ఒక కాన్ఫిగరేషన్ లైను మార్చాల్సినవాడికి ఇది తప్పించుకోలేని కనీస విద్య. ఇన్సర్ట్, ఎస్కేప్, వెతకడం, వెనక్కి తీసుకోవడం, సేవ్ చేసి బయటపడటం, సేవ్ చేయకుండా బయటపడటం. ఇంతవరకు అందరికీ రావాలి. మిగతాది రోజంతా కోడ్‌తో గడిపేవాళ్ళ ఇష్టం. వాళ్ళకు కూడా టెర్మినల్ తప్పనిసరి కాదు, వీఎస్ కోడ్‌లో, ఇంటెల్లీజేలో వీఐ మీటలు వాడే ప్లగిన్లు ఉన్నాయి. ముందు ఎంపిక, తర్వాత క్రియ అనే తిరగేసిన వరసతో కకూన్, హీలిక్స్ వచ్చాయి. అవి తెలివైనవే, కాని సర్వర్ మీద దొరకవు కనుక మొదటి పాఠంగా పనికిరావు. ఏఐ రాసిచ్చిన కోడ్‌ను చదివి, నరికి, సర్దుకునే పని పెరుగుతున్న కొద్దీ నార్మల్ మోడ్‌కు పని తగ్గుతుందని నేననుకోను. రాయడం కంటే దిద్దడం ఎక్కువైనచోటే దాని బలమంతా.

ల్యాబ్ పరీక్ష మార్చడానికి సిలబస్ మార్చనక్కర్లేదు. రికార్డులో పట్టిక ఉంటే ఉండనివ్వండి. ఎక్స్‌టర్నల్ ఒక సి ప్రోగ్రామును ప్రింటు తీసి, ప్రూఫు దిద్దినట్టు ఎర్ర పెన్నుతో ఇరవై దిద్దుబాట్లు గుర్తుపెట్టి ఇవ్వాలి. ఒక మాట తీసెయ్, ఈ నాలుగు లైన్లు కిందికి జరుపు, ఈ పేరు ఫైలంతా మార్చు. అదే ఫైలు మెషీన్ మీద సిద్ధంగా ఉంటుంది. పది నిమిషాలు గడువు, మౌస్ తీగ పీకేసి. లోయర్ పరీక్షలో లాగే తప్పుకు ఇంత అని మార్కులు కోస్తే చాలు, వైవాలో ఆ పాత ప్రశ్న అడగాల్సిన పని ఉండదు.